నడకయందు మనస్సు: వృద్ధులు పడిపోకుండ గ్రామ పంచాయతీలు చేయదగిన పనులు

కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనలేమని మనలో ఒక సామెత గలదు. మాటను అదుపులో నుంచుకొనవలెనని చెప్పుటకు పెద్దలు దీనిని వాడుదురు. పడుచువారి విషయమున ఇది నిజమే. వారు కాలు జారినను లేచి, దుమ్ము దులుపుకొని, తమ పనికి పోవుదురు. అరువది, డెబ్బది ఏండ్లు దాటినవారి విషయమున మాత్రము ఈ సామెత మొదటి సగము నిలువదు. ఒక్కసారి కాలు జారి తుంటి యెముక విరిగినచో, అంతవరకు తన నీళ్ళు తాను తెచ్చుకొనుచు, తన పనులు తాను చేసికొనుచున్న మనిషి మంచము పట్టవచ్చును. ఆ దినము నుండి ఆ యింట మరియొకరి పని కూడ ఆగిపోవును. కోడలు కూలికి పోజాలదు. వైద్యమునకై అప్పు పుట్టును.

వృద్ధులు పడిపోవుటకు తడినేల, చీకటి, కంటిచూపు తగ్గుట కారణములని అందరును ఎరుగుదురు. నడచునప్పుడు మనస్సుపై పడు భారము కూడ ఒక కారణమని ఎరిగినవారు తక్కువ. గడచిన ముప్పది ఏండ్లలో వైద్యశాస్త్రజ్ఞులు ఈ విషయమును శ్రద్ధతో పరిశోధించిరి. వారు కనుగొనిన సంగతులను పంచాయతీ సభ్యులు గ్రహించినచో, ఎక్కువ వ్యయము లేకయే తమ గ్రామమున పలువురిని కాపాడగలరు. ఈ పాఠము ఉద్దేశ్యము అదియే.

సమస్య ఎంతటిది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము పడిపోవుటవలన ప్రపంచమున ఏటా 6,84,000 మంది మరణించుచున్నారు. ప్రమాదవశమున కలుగు మరణములలో రోడ్డు ప్రమాదముల తరువాతి స్థానము దీనిదే. ఈ మరణములలో నూటికి 80కి పైగా మనవంటి తక్కువ ఆదాయపు, మధ్యస్థ ఆదాయపు దేశములలోనే కలుగుచున్నవి. 65 ఏండ్లు దాటినవారిలో ప్రతి నూరుగురికి 28 నుండి 35 మంది ఏడాదికి ఒక్కసారియైన పడుచున్నారని ఆ సంస్థ 2007లో ప్రకటించిన నివేదిక తెలుపుచున్నది. ఈ లెక్కను మన యూరికి అన్వయించి చూతము. ఒక పంచాయతీలో ఆ వయస్సువారు 200 మంది యున్నచో, ఏటా సుమారు 60 మంది పడుదురన్న మాట. అందరికిని ఎముకలు విరుగవు. అయినను, పడినవారిలో పలువురికి భయము పట్టుకొనును. భయముచే నడక మానుకొందురు. నడక మానినందున కాళ్ళు మరింత బలహీనమగును. మరల పడుటకు అదియే దారి తీయును.

2011 జనగణన ప్రకారము మన దేశమున 60 ఏండ్లు పైబడినవారు సుమారు 10 కోట్ల 38 లక్షల మంది. అందులో దాదాపు 7 కోట్ల 30 లక్షల మంది గ్రామములలోనే నివసించుచుండిరి. కావున ఇది ముఖ్యముగా గ్రామముల సమస్య.

ఉత్తరాంధ్ర గ్రామములలో దీనికి మరియొక కారణము తోడగుచున్నది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుండి పనిచేయగల వయస్సువారు విశాఖపట్టణము, హైదరాబాదు, చెన్నై నగరములకు కట్టడపు పనులకును, తీరగ్రామముల మత్స్యకారులు దూరమున నున్న గుజరాతు రాష్ట్రపు వేరావల్ రేవునకును వలసపోవుచున్నారు. ఇండ్లయందు వృద్ధులును, వారి సంరక్షణలో మనుమలును మిగులుచున్నారు. బడికి పంపుట, పశువులను చూచుట, రేషను తెచ్చుట, దూరముననున్న కొడుకుతో ఫోనులో మాటలాడుట, అప్పుల వారికి సమాధానము చెప్పుట ఇవన్నియు డెబ్బది ఏండ్ల వారి తలపై పడుచున్నవి. శరీరబలము తగ్గిన కాలముననే మనస్సుపై భారము పెరుగుచున్నది. పడినప్పుడు లేవనెత్తువారు కూడ ఇంట లేరు.

నడకకు ఆలోచన ఎందుకు కావలెను?

తొలి అడుగులు వేయు పసిబిడ్డను గమనింపుడు. ఎవరైన పిలిచినచో తల త్రిప్పును, వెంటనే కూలబడును. ఆ వయస్సున నడకకు మనస్సంతయు కావలెను. కొన్ని ఏండ్లకు నడక అలవాటగును. వెన్నుపాము, చిన్నమెదడు, మెదడు లోతట్టునగల కొన్ని భాగములు ఆ పనిని చాలవరకు తమంతట తాము జరుపుకొనును. అందుచేతనే పడుచువాడు వరిమోపు నెత్తిన పెట్టుకొని, సన్నని గట్టుమీద నడచుచు, వెనుక వచ్చువానితో ధాన్యపు ధరను గూర్చి మాటలాడగలుగును.

వార్ధక్యమున ఈ యేర్పాటు సడలును. పాదమునకు నేల స్పర్శ మునుపటివలె తెలియదు. మధుమేహము గలవారికి అది మరింత తగ్గును. కంటికి శుక్లములు కమ్మును. శరీరపు తూకమును తెలుపు లోచెవి మందగించును. తొడ కండరములు సన్నగిల్లును. అప్పుడు నుదుటి వెనుకనున్న మెదడు భాగము ఈ లోటులను పూడ్చుటకు పూనుకొనును. లెక్కలు వేయుట, నిర్ణయించుట, ఒకదానిపై ధ్యాస నిలుపుట ఆ భాగము చేయు పనులే. అనగా, అంతవరకు అలవాటుచొప్పున సాగిన నడకకు మరల ఆలోచన అవసరమగుచున్నది. వృద్ధుడు తన ఆలోచనలో కొంత భాగమును ప్రతి అడుగునకు ఖర్చు చేయుచున్నాడు. చూచువారికి అది తెలియదు. తరచుగా ఆయనకే తెలియదు.

రైతులకు తెలిసిన మాటలో చెప్పెదము. ఒక పిల్లకాలువ క్రింద రెండు మళ్ళు కలవనుకొందము. కాలువ నిండుగా పారునప్పుడు రెండు తూములను తెరచినను రెండు మళ్ళును తడియును. నీరు తగ్గినప్పుడు రెండవ తూము తెరచినచో మొదటి మడి ఎండును. ధ్యాసయే ఆ నీరు. నడక మొదటి మడి. మాట, లెక్క, బెంగ, తొందర రెండవ మడి. వంశధార, నాగావళి ఆయకట్టు చివరనున్న గ్రామములవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

నడచుచున్న వృద్ధుని మనస్సునకు రెండవ పని తగిలినప్పుడు ఆయన నడక మందగించును. అడుగు కురుచయగును. ఒక అడుగునకు పట్టిన కాలము మరియొక అడుగునకు పట్టదు. నడకలోని లయ చెడును. అట్టి సమయమున చిన్న రాయి తగిలినను, కుక్క అడ్డు వచ్చినను, తూలిన శరీరమును సరిచేసికొనుటకు కావలసిన క్షణము ఆయనకు దొరకదు.

స్వీడను దేశమున జరిగిన పరిశీలన

1997లో స్వీడను దేశపు ఊమెయో విశ్వవిద్యాలయమునకు చెందిన లిల్లెమోర్ లుండిన్-ఓల్సన్, ఆమె సహచరులు ‘లాన్సెట్’ అను వైద్యపత్రికలో ఒక చిన్న వ్యాసము ప్రకటించిరి. వారు చేసిన పని మిక్కిలి సులభమైనది. ఒక వసతిగృహమున నివసించు 58 మంది వృద్ధులతో ప్రక్కన నడచుచు, మాటలు కలిపి, ఎవరు నడచుచునే బదులు చెప్పుచున్నారో, ఎవరు ఆగి బదులు చెప్పుచున్నారో గుర్తించిరి. 12 మంది ఆగిరి. తరువాత ఆరు నెలలపాటు ఆ 58 మందిని కనిపెట్టి యుండిరి. ఆగిన 12 మందిలో 10 మంది ఆ ఆరు నెలలలో పడిరి. ఆగని 46 మందిలో పడినవారు 11 మంది.

ఈ అంకెలు రెండు పాఠములను నేర్పుచున్నవి. మాటకై నడక ఆపు వృద్ధునికి పడు అవకాశము చాల ఎక్కువ గనుక, ఆ ఆగుటను మనము ఒక హెచ్చరికగా గ్రహింపవలెను. రెండవది, ఆగనంత మాత్రమున భయము లేదనుకొనరాదు. పడిన 21 మందిలో సగమునకు పైగా ఆగకుండ మాటలాడినవారే.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలెను. ఆగుట వలన వృద్ధులు పడుటలేదు. ఆగుట ఆయన శరీరము చేసికొన్న రక్షణ. రెండు పనులకు నీరు చాలదని తెలిసి, ఒక తూమును మూసివేయుట వంటిది. వీథిలో ఏదైన అడుగగా వృద్ధుడు నిలిచిపోయి, కొంత తడవు ఆలోచించి బదులు చెప్పినచో, కొందరు నవ్వుదురు. కొందరు విసుగుకొని, నడచుచు చెప్పుమందురు. అది తగదు. ఆయనను నిలువనిచ్చి, మనమును నిలిచి, మాట ముగిసిన పిదపనే అడుగు వేయనీయవలెను.

మతిమరుపు వ్యాధి గలవారి స్థితి ఇంతకంటె అపాయకరము. ఆరోగ్యవంతుడైన వృద్ధుడు మాటను విడిచి నడకను కాపాడుకొనును. మతి క్షీణించినవారును, పార్కిన్సన్ వణుకు వ్యాధి గలవారును అట్లు ఎంచుకొనలేక, రెండు పనులను ఒకేసారి చేయబోయి పడుచుందురు. నడక మందగించుట ఒక్కొక్కప్పుడు మతి తగ్గుటకు ముందుగా కనబడు గుర్తు కూడ కావచ్చును. డాక్టరు జో వర్గీస్, ఆయన సహచరులు 17 దేశములకు చెందిన 26,802 మంది వృద్ధుల వివరములను పరిశీలించి 2014లో ప్రకటించిరి. మతి తగ్గుచున్నదని తామే చెప్పుకొనుచు, నడక కూడ మందగించినవారు నూటికి దాదాపు పదిమంది కలరనియు, అట్టివారికి మతి క్షీణించు అవకాశము హెచ్చనియు తేలినది. తెలుగు మాటలాడువారు అధికముగానున్న కర్ణాటక రాష్ట్రపు శ్రీనివాసపుర ప్రాంతమున, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణమందలి మెదడు పరిశోధన కేంద్రము గ్రామీణుల మెదడు ఆరోగ్యమును దీర్ఘకాలము పరిశీలించుచున్నది. ఈ విద్య గ్రామములకు చేరుచున్నదనుటకు ఇది నిదర్శనము.

మన గ్రామములలో ధ్యాస తప్పించు సందర్భములు

మన వీథులలో వృద్ధుల ధ్యాసను చెదరగొట్టు సందర్భములు అడుగడుగున కలవు. వాటిని సభ్యులు తమ కన్నులతో చూచి గుర్తింపవలెను.

వెనుకనుండి పిలుచుట మొదటిది. ‘తాతా, పింఛను వచ్చినదా?’ అని వెనుకనుండి ఆప్యాయముతోనే కేకవేయుదురు. వృద్ధుడు నడచుచునే తల, నడుము త్రిప్పును. వినుట, గుర్తుపట్టుట, బదులు వెదకుట, తిరుగుట అనెడి నాలుగు పనులు ఒక్క క్షణమున మీదపడును. సిమెంటు రోడ్డు అంచున మూతలేని మురుగుకాలువ యున్నచో తరువాత జరుగునది చెప్పనక్కరలేదు. ముందునకు వచ్చి, కనబడి, పిదప పలుకరించుట మేలు. మోటారుసైకిలు వారు వెనుకనుండి హారను మ్రోగించుట ఇంతకంటె కీడు.

సెల్‌ఫోను రెండవది. దూరదేశమునుండి కొడుకు పిలిచినప్పుడు ఏ తల్లికిని కాలు నిలువదు. మనుమని జ్వరము మాట, అప్పు మాట చెప్పుచు పెరటిలోనికి, గడప దాటి వీథిలోనికి నడచును. ఒక చేయి ఫోనునకు చిక్కినందున పట్టుకొనుటకు ఒక్క చేయియే మిగులును. మనస్సు చెన్నైలో నుండును. పాదము మాత్రము గడపమీద నుండును. ఫోను మ్రోగినచో కూర్చుండి మాటలాడవలెనని ప్రతి యింటను చెప్పవలెను. పిలిచిన కొడుకు కూడ మొదటి మాటగా ‘అమ్మా, కూర్చున్నావా?’ అని అడుగుట అలవాటు చేసికొనవలెను.

ఇంటి లోపలి సందర్భములు వేరు. ఈ ప్రాంతపు పాత ఇండ్లు పలుచోట్ల ఒకదానిని ఆనుకొని యొకటి వరుసగా నుండి, గది వెనుక గదిగా సాగును. నడిమి గదులలో పగలు సైతము వెలుతురు తక్కువ. గడపలు ఎత్తు. రాత్రి మూత్రమునకు తొందరగా లేచిన వృద్ధురాలు చీకటిలో దారి తడవుకొనుచు, నిద్రించు పిల్లలను త్రొక్కకుండ చూచుకొనుచు పోవును. తొందరయు మనస్సుపై ఒక భారమే. పడకకు దగ్గర ఒక చిన్న దీపము, గడపకు తెల్లని సున్నపు గీత, మరుగుదొడ్డి గోడకు పట్టుకొనుటకు ఒక కమ్మి ఉన్నచో ఆలోచింపవలసిన పని చాల తగ్గును.

ఉత్సవదినములలో రద్దీ, చప్పుడు, తప్పిపోదుమన్న భయము కలసి వచ్చును. విజయనగరమున పైడితల్లి సిరిమానోత్సవమునకును, అరసవల్లిలో రథసప్తమికిని వేలాది జనులు వచ్చుదురు. వృద్ధులను తీసికొనిపోవువారు చేయి పట్టుకొని, ప్రక్కన నడచుచు, ఆగినప్పుడే మాటలాడవలెను.

ఉద్దానము గ్రామములను ప్రత్యేకముగా పేర్కొనవలెను. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మందస, ఇచ్ఛాపురం మండలములలో దీర్ఘకాలపు మూత్రపిండ వ్యాధి అనేక కుటుంబములను పీడించుచున్నది. ఈ వ్యాధిచే రక్తము తగ్గును, కండరములు సడలును. డయాలిసిస్ జరిగిన దినమున రక్తపోటు పడి తల తిరుగుటయు కలదు. అట్టివారు వయస్సున చిన్నవారైనను, నడక విషయమున వృద్ధులవలెనే జాగ్రత్త పడవలెను. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల మూత్రపిండవ్యాధుల ఆస్పత్రియు, పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. చికిత్స పొంది వాహనము దిగినవారిని ఇంటి గుమ్మమువరకు ఒకరు తోడుగా చేర్చుట గ్రామము చేయదగిన సాయము.

తుపానులు వచ్చు వేళ మరియొక సందర్భము. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులు మూడును అక్టోబరు నెలలోనే ఈ తీరమును తాకెను లేక దీనికి సమీపమున తీరము దాటెను. గాలి, చీకటి, కేకలు, ఇల్లు విడుచు బెంగ, చేతిలో మూట: ఒక వృద్ధుని మనస్సునకు ఇంతకు మించిన భారము లేదు. హెచ్చరిక అందిన వెంటనే, పగటివేళనే, ఇతరులకంటె ముందుగా వృద్ధులను ఆశ్రయమునకు చేర్చు పద్ధతిని ప్రతి తీరగ్రామ పంచాయతీ ముందుగా నిర్ణయించుకొనవలెను.

కొండప్రాంతపు గ్రామములలో బాట యెగుడుదిగుడు, నెత్తిన కట్టెలమోపు లేక నీళ్ళబిందె. అచ్చట వృద్ధుల నెత్తిబరువును పడుచువారు అందుకొనుటయే ఉత్తమమైన ఉపాయము.

గ్రామమున చేయదగిన సులభపరీక్ష

వైద్యులు వాడు ఒక పరీక్షకు కుర్చీయు, గడియారమును చాలును. దీనిని 1991లో కెనడా దేశపు పరిశోధకులు ప్రకటించిరి. వృద్ధుని కుర్చీలో కూర్చుండబెట్టవలెను. ఆయన లేచి, 3 మీటర్లు మామూలు నడకతో పోయి, వెనుదిరిగి వచ్చి, మరల కూర్చుండవలెను. దీనికి 12 సెకండ్లు లేక అంతకు మించి పట్టినచో పడు అవకాశము ఎక్కువయని భావింపవచ్చును.

పిదప అదే నడకను ఒక మానసిక కార్యముతో జతచేసి మరల చేయింతురు. చదువుకొన్నవారిచే 50 నుండి మూడేసి తగ్గించుచు లెక్క చెప్పింపవచ్చును. చదువు రానివారిచే వారముల పేర్లు వెనుకనుండి ముందుకు చెప్పింపవచ్చును. లేక తెలిసిన పంటల పేర్లు, బంధువుల ఊళ్ళ పేర్లు చెప్పింపవచ్చును. రెండవ పర్యాయము నడక మిక్కిలి మందగించినను, తూలినను, ఆగిపోయినను, ఆ వ్యక్తికి నడకయందు మనస్సు అధికముగా ఖర్చగుచున్నదని గ్రహింపవలెను. ఈ పరీక్షను ఆరోగ్య కార్యకర్త సమక్షముననే, పొడినేలమీద, ఒకరు ప్రక్కన చేయి చాపి యుండగా చేయవలెను. పట్టులేక నిలువలేని వారిచే చేయింపరాదు. ఇది రోగమును నిర్ణయించు పరీక్ష కాదు. ఎవరిని వైద్యునివద్దకు ముందుగా పంపవలెనో తెలుపు సాధనము మాత్రమే.

పంపినప్పుడు వైద్యుని నాలుగు సంగతులు అడుగవలెను: కంటిచూపు, పాదముల స్పర్శ, లేచి నిలుచున్నప్పుడు రక్తపోటు, వాడుచున్న మాత్రలు. నిద్రమాత్రలును, కొన్ని రక్తపోటు మాత్రలును తూలు కలిగింపగలవు. అట్లని వైద్యుని అడుగక ఏ మాత్రయు మానరాదు.

అడుగు, పాట, ఆట

మనస్సు చేయు పనికిని కాలు చేయు పనికిని పొత్తు కుదుర్చుట అభ్యాసముచే సాధ్యము. 2019లో ప్రకటింపబడిన ఒక సమీక్ష, 108 పరిశోధనలలో పాల్గొనిన 23,407 మంది వృద్ధుల వివరములను కూర్చి, వ్యాయామముచే పడిపోవుట నూటికి 23 వంతులు తగ్గినదని తేల్చెను. కుర్చీనుండి చేతుల సాయము లేక లేచి కూర్చుండుట, గోడ పట్టుకొని ఒంటికాలిపై నిలుచుట, మడమకు వ్రేలు ఆనించి నడచుట వంటి తులాభ్యాసములు ఇందు ముఖ్యమైనవి.

స్విట్జర్లాండు దేశపు జెనీవా నగరమున జరిగి 2011లో ప్రకటింపబడిన ఒక పరిశోధన మనకు మరింత ఆసక్తికరము. 65 ఏండ్లు దాటిన 134 మంది అందు పాల్గొనిరి. సంగీతము వినుచు, దాని లయ మారినప్పుడు అడుగు మార్చుచు, చేతులతో వేరొక పని చేయుచు నడచుటను వారానికి ఒక గంట చొప్పున ఆరు నెలలు అభ్యసింపజేసిరి. అభ్యసించినవారు, అభ్యసింపని వారితో పోల్చినచో, సగమునకంటె తక్కువ పర్యాయములు పడిరి.

దీనికై మనము పియానో కొనిపెట్టనక్కరలేదు. భజనమందిరము, తాళములు, కోలలు ప్రతి గ్రామమునను కలవు. చేయి చేయి కలిపి వరుసగా మెల్లని అడుగులు వేయు థింసా మన కొండప్రాంతపు స్త్రీలకు చిన్ననాటినుండి తెలిసినదే. తప్పెటగుళ్ళ ఉరుకులు వృద్ధులకు తగవు గాని, ఆ కళాకారులు మెల్లని తాళముపై నాలుగు అడుగులు నేర్పగలరు. పాట మారినప్పుడు అడుగు మార్చుట, తాళము ఆగినప్పుడు నిలుచుట, చరణమును అందుకొనుట ఇవియన్నియు కాలితో పాటు మనస్సునకును అభ్యాసమే. మొదటి దినములలో ప్రతి వృద్ధుని ప్రక్కను ఒక పడుచువాడు నిలువవలెను.

పంచాయతీ కర్తవ్యము

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో రోడ్లు, త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము, సాంఘిక సంక్షేమము కలవు. కావున ఈ కార్యము పంచాయతీ బాధ్యతలోనిదే. సభ్యులు ఈ క్రింది పనులను చేపట్టవచ్చును.

1. తమ వార్డులో ప్రతి సభ్యుడును ఒక వృద్ధునితో కలిసి ఆయన ప్రతిదినము నడచు దారిని ఒకసారి నడువవలెను. ఇంటినుండి కుళాయికి, రచ్చబండకు, గుడికి, రేషను దుకాణమునకు పోవు దారిలో మూతలేని కాలువ, విరిగిన పలక, పాచి పట్టిన గట్టు, వెలుగని దీపము ఎక్కడ నున్నవో వ్రాసికొనవలెను.

2. ఆ జాబితాను గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చవలెను. కాలువ పలకలు, వీథిదీపములు, మెట్లకు చేపట్టు కమ్ములు పెద్ద పనులు కావు. నూరు గజముల కొకటి చొప్పున కూర్చుండుటకు అరుగు కట్టించినచో, వృద్ధులు ఆగి మాటలాడుకొనుటకు చోటు కలుగును.

3. ప్రతి నెల మొదటి తేదీన సచివాలయ ఉద్యోగులు ఎన్.టి.ఆర్. భరోసా పింఛనును ఇంటివద్దనే అందించుచున్నారు. ఆ సమయమున ‘ఈ నెలలో పడితిరా? తూలితిరా?’ అని ఒక్క ప్రశ్న అడిగి వ్రాసికొనుమని కోరవచ్చును. డబ్బు లెక్కించుట, వేలిముద్ర వేయుట వృద్ధులు కూర్చున్న పిదపనే జరుగవలెను.

4. ఆశా కార్యకర్త, ఆరోగ్య కార్యకర్తల సాయముతో ఏడాదికి రెండుసార్లు నడక పరీక్షను, కంటి పరీక్షను జరిపింపవలెను. వయోవృద్ధుల ఆరోగ్యమునకై 2010-11లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద జిల్లా ఆస్పత్రులలో లభించు సేవలను గ్రామమునకు తెలియజేయవలెను. వృద్ధుల సహాయమునకు 14567 అను ఫోను సంఖ్య కలదు.

5. బడిలో ఉపాధ్యాయుల ద్వారా పిల్లలకు మూడు నియమములు నేర్పవలెను: వృద్ధులను వెనుకనుండి పిలువరాదు, వారి దారిలో పరుగెత్తరాదు, వారు ఆగినచో తామును ఆగవలెను.

6. తోడు లేని వృద్ధుల జాబితా తయారుచేసి, ఉదయము, సాయంకాలము పొరుగువారు ఒకసారి పలుకరించు ఏర్పాటు చేయవలెను. పడిన మనిషి ఎవరును చూడక గంటల తరబడి నేలపై నుండుట, పడుటకంటె పెద్ద ఆపద.

పడినప్పుడు

పడినవారిని వెంటనే రెక్క పట్టుకొని లాగరాదు. మొదట మాటలాడించి, తలకు దెబ్బ తగిలినదేమో, తుంటివద్ద నొప్పి యున్నదేమో తెలిసికొనవలెను. ఒక కాలు పొట్టియైనట్లును, పాదము వెలుపలికి తిరిగినట్లును కనబడినచో తుంటి యెముక విరిగినదని అనుమానింపవలెను. అప్పుడు నూనె మర్దనము, నాటుకట్టు పనికిరావు. కదల్పక 108 వాహనమును పిలువవలెను. పడుటకు ముందు మాట తడబడుట, మూతి వంకరపోవుట, ఒక ప్రక్క బలము తగ్గుట కనబడినచో అది పక్షవాతము కావచ్చును. ఒక్క నిమిషము కూడ ఆలసింపరాదు.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

మన గ్రామమున 65 ఏండ్లు దాటినవారు ఎందరు? వారిలో ఒంటరిగా నున్నవారెవరు?

గడచిన ఏడాదిలో పడినవారెందరు? ఎచ్చట, ఏ వేళ, ఏ పనిలో నుండగా పడిరి? అప్పుడు ఎవరైన వారిని పిలిచిరా?

ఆ చోట్లలో ఈ ఏడాది బాగుచేయదగినవి ఎవ్వి?

ఈ మూడు ప్రశ్నలకు సమాధానములు ఒక పుస్తకమున వ్రాసియుంచిన పంచాయతీకి, మరుసటి యేడు తన కృషి ఫలించినదో లేదో తానే తెలియును. వృద్ధులను ఇంట కూర్చుండబెట్టుట మన కోరిక కాదు. వారు నడువవలెను, పొలమునకును, గుడికిని, రచ్చబండకును తమంతట తాము పోవలెను. వారి నడకకు కావలసిన ధ్యాసను మనము మధ్యలో లాగికొనకుండుటయే మనము చేయదగిన సాయము. అందుకు పలకయు దీపమును పంచాయతీ వేయవలెను. ఒక నిమిషము నిలిచియుండు ఓర్పును గ్రామస్థులందరును అలవరచుకొనవలెను.